క్లారెండన్ అక్షరరూపం: లక్షణాలు, ప్రయోజనాలు

అచ్చుపుటలో ఒక పదాన్ని మిగిలినవాటినుండి వేరుచేసి చూపడానికి దానిని బొద్దక్షరాలలో ముద్రించడం నేడు సర్వసాధారణం. ఆంగ్ల ముద్రణలో ఈ పద్ధతి 19వ శతాబ్దంలో స్థిరపడింది. అందులో క్లారెండన్ అనే అక్షరరూపం పాత్ర ముఖ్యమైనది. దాని లక్షణాలను, ప్రయోజనాలను వివరించి, తెలుగు అక్షర రూపకల్పనకు దానివల్ల తెలిసివచ్చే విషయాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రోమన్ లిపిలో అక్షరపు గీత చివర అడ్డంగా ఉండే చిన్న గీతను సెరిఫ్ అంటారు. పుస్తకాల టైపులో ఇది సాధారణంగా సన్నగా ఉంటుంది. అదే పలకలాగా మందంగా ఉంటే స్లాబ్ సెరిఫ్ అవుతుంది. 19వ శతాబ్దం తొలి దశకాలలో లండన్ టైపు ఫౌండ్రీలు ఇటువంటి అక్షరాలను తయారుచేశాయి. విన్సెంట్ ఫిగ్గిన్స్ 'ఆంటిక్' పేరుతో వెలువరించిన టైపు వాటిలో తొలినాటిది. గోడపత్రాలలో, ప్రకటనలలో దూరంనుండి కనబడడమే వీటి ప్రధాన ప్రయోజనం.

1845లో ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీకి చెందిన రాబర్ట్ బెస్లీ క్లారెండన్‌ను నమోదు చేయించాడు. దాని అచ్చుదిమ్మెలను బెంజమిన్ ఫాక్స్ చెక్కాడు. ఇందులో సెరిఫ్ నిలువుగీతను లంబకోణంలో తాకదు, చిన్న వంపుతో కలుస్తుంది. గీతల మందంలో కొంత తేడా ఉంటుంది. అక్షరాల వెడల్పు పరిమితం. ఈ మూడు లక్షణాలవల్ల ఇది సాధారణ పాఠ్యంతో ఒకే పంక్తిలో ఇమడగలిగింది. అంతకుముందు ఒక పదాన్ని ప్రత్యేకించడానికి వాలు అక్షరాలను, చిన్న కొలత పెద్దబడి అక్షరాలను, బ్లాక్‌లెటర్‌ను వాడేవారు. నిఘంటువులో ఆరోపాన్ని వెదికే కంటికి క్లారెండన్ ఎక్కువగా తోడ్పడింది. నమోదువల్ల లభించిన మూడేళ్ల రక్షణ ముగియగానే ఇతర ఫౌండ్రీలు దీనిని అనుకరించాయి. క్రమంగా ఆ పేరే ఆంగ్ల ముద్రాపకుల వాడుకలో బొద్దక్షరానికి పర్యాయమైంది. 1953లో హెర్మన్ ఐడెన్‌బెంజ్ దీనికి కొత్త రూపమిచ్చాడు.

తెలుగు లిపిలో సెరిఫ్ లేదు. తలకట్టును దానికి సమానంగా భావించడం సరికాదు; అది అలంకారం కాదు, అక్షరంలో భాగం. కనుక క్లారెండన్ ఆకారం కాక, దాని వెనుకనున్న ఆలోచనే మనకు గ్రాహ్యం. బొద్దుదనం పైనుండి పూసే మందం కాదు, మందానికి తగినట్లు అక్షరాన్ని తిరిగి గీయడం. ప్రత్యేకంగా గీసిన బొద్దురూపం లేని ఫాంటులో కంప్యూటరు గీతలన్నిటినీ ఒకే తీరున ఉబ్బిస్తుంది. అప్పుడు అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ద-ధ, డ-ఢ, ప-ఫల భేదాన్ని తెలిపే కింది చిన్న గీత పై భాగంలో కలిసిపోతుంది. వాక్యంలోనైతే సందర్భాన్నిబట్టి పాఠకుడు పదాన్ని ఊహించగలడు. నిఘంటువులో 'దార', 'ధార' అనే ఆరోపాలు విడివిడిగా నిలిచినప్పుడు ఆ ఆధారం ఉండదు. వర్ణక్రమం తెలుసుకోవడానికే అతడు ఆ పుటను తెరుస్తాడు. స్పష్టంగా చూపడానికి ఎంచుకున్న రూపమే అక్కడ భేదాన్ని మరుగుపరచరాదు. అందువల్ల ఆరోపాలకు వాడే తెలుగు బొద్దక్షరాన్ని, అది ముద్రితమయ్యే చిన్న కొలతలోనే, ఇటువంటి జంటలతో పరీక్షించడం అవసరం.