ఒకే పేరు ఎనిమిదింటికి - పొదుగు యంత్రంలో చిక్కు

గుడ్లు పొదగడానికి కోడిపెట్ట 21 రోజులు కూర్చుంటుంది. ఇంక్యుబేటరు అనే పొదుగు యంత్రానికీ అదే గడువు. ఫ్యాను వున్న యంత్రంలో వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలవాలి. కోడిపెట్ట అంచునున్న గుడ్లను తానే నడుమకు తెచ్చుకుంటుంది. యంత్రానికి ఆ తెలివి లేదు. పై అరలో వేడి ఒకటి, కింది అరలో మరొకటి. ఒక మూల పెట్టిన కొలత పరికరాన్ని నమ్ముకుంటే మిగతా అరల సంగతి గుడ్డు పగలగొట్టి చూసేదాకా తెలియదు.

అందుకే సొంతంగా యంత్రం కట్టుకునేవారు అరకొక సెన్సారు పెట్టాలనుకుంటారు. ఏహెచ్‌టీ20 రకం సెన్సారు వేడినీ, గాలిలో తేమనూ చెబుతుంది. ఇది మాట్లాడేది ఐ2సీ పద్ధతిలో. ఫిలిప్స్ కంపెనీ 1982లో తెచ్చిన ఈ పద్ధతిలో రెండే తీగలు. ఒకటి సమాచారానికి, రెండోది లయకు. అన్నిటినీ ఆ తీగలకే తగిలిస్తారు. మైక్రోకంట్రోలరు ఏ నంబరు పిలిస్తే అది పలుకుతుంది.

చిక్కల్లా ఆ నంబరుతోనే. ఏహెచ్‌టీ20లన్నిటికీ ఫ్యాక్టరీలో ఒకే నంబరు వేస్తారు. మార్చడానికి వీల్లేదు. ఎనిమిదింటిని తగిలించి పిలిస్తే ఎనిమిదీ ఒక్కసారే పలుకుతాయి. ఆ తీగమీద సున్నా ఎప్పుడూ ఒకటిని నొక్కేస్తుంది. జవాబులు కలగలిసి ఏ అరలోనూ లేని అంకె రావచ్చు. సరిచూసుకునేందుకు సెన్సారు చివర ఒక తనిఖీ అంకె కూడా పంపుతుంది గాని, ప్రోగ్రాంలో దాన్ని చదవకపోతే తప్పు బయటపడదు.

నీరుగంటి వంటి చిప్పు

విరుగుడు టీసీఏ9548ఏ అనే చిప్పు. నీరుగంటి తూములు ఎత్తి దించినట్టే దీని పని. ఇటు మైక్రోకంట్రోలరుకు ఒక జత తీగలు, అటు సెన్సార్లకు ఎనిమిది జతలు. 1 పంపితే మొదటి దారి తెరుచుకుంటుంది, 2 పంపితే రెండోది, 4 పంపితే మూడోది, 128 పంపితే ఎనిమిదోది. 3 పంపారో, మొదటి రెండూ తెరుచుకుని పాత గొడవ మళ్లీ మొదలు.

అసలు ప్రమాదం వేరే వున్నది. తేమకు చెడిన ఒక సెన్సారు తీగను కిందికి లాగి పట్టుకుంటే, ఆ దారి తెరిచివున్నంతసేపూ అందరి మాటా ఆగిపోతుంది. మూసుకొమ్మని చిప్పుకు చెప్పాలన్నా ఆ తీగల మీదనే చెప్పాలి! ప్రోగ్రాం జవాబు కోసం నిలిచిపోతే, వెలుగుతున్న హీటరు వెలుగుతూనే వుండవచ్చు. పదిహేను రోజులు కాపాడిన గుడ్లు ఉడికిపోతాయి.

ఇందుకే చిప్పుకు రీసెట్ అనే కాలు ఇచ్చారు. దాన్ని ఒక్క క్షణం సున్నాకు దించితే దారులన్నీ మూసుకుంటాయి. చెడినదాన్ని వదిలి మిగతా ఏడింటిని పిలుచుకోవచ్చు. ఈ కాలు కలపకపోయినా రోజూ పని జరిగిపోతుంది గనుక చాలామంది వదిలేస్తారు. దాన్ని మైక్రోకంట్రోలరుకు కలపాలి. ప్రోగ్రాంలో ఎదురుచూపుకు గడువు పెట్టాలి. హీటరుకు విడిగా థర్మోస్టాటు కూడా వుంటే మరీ మంచిది.

ఈ తీగలు యంత్రం లోపలి దూరాలకే పనికొస్తాయి. కోళ్ల షెడ్డు పొడవునా లాగేవారికి కావలసింది ఆర్‌ఎస్-485 పద్ధతి. తగ్గు వేగంలో అది 1200 మీటర్ల దాకా మోస్తుంది.