పాత కారుకు తుప్పు చికిత్స

వర్షాకాలం గడచి ఎండ కాచిన నాడు, ముంగిట నిలిపిన పాత కారును తుడుస్తూ ఉంటే తలుపు అడుగు అంచున రంగు పొక్కివలె ఉబ్బి కనిపిస్తుంది. గోటితో గిల్లగానే పెచ్చు ఊడి లోపలినుండి ఎర్రని పొడి రాలుతుంది. యజమాని దానిని చూచి, ‘ఇంతే గదా, కాస్త గీకి రంగు వేయిస్తే సరిపోతుంది’ అనుకొంటాడు. ఆ అనుకోవడంలోనే పొరపాటు ఉన్నది. మనకు కనిపించిన పొక్కు తుప్పుకు మొదలు కాదు, చివర. తుప్పు లోపలి వైపునుండి రేకును తిని తిని, ఇక తినుటకు ఏమీ మిగలని చోట బయటికి వచ్చి కనబడినది. పాత బండిని బాగుచేయదలచినవారు ఈ ఒక్క సంగతిని గ్రహిస్తే తక్కిన పని అంతా దాని వెంట నడుస్తుంది.

తుప్పు అనగా ఏమి? ఇనుము గనిలో శుద్ధలోహంగా దొరకదు. ఆమ్లజనితో, అనగా ప్రాణవాయువుతో, కూడిన ఖనిజంగా దొరుకుతుంది. మనుష్యుడు దానిని కొలిమిలో బొగ్గుతో కాల్చి, ఆ వాయువును విడదీసి లోహాన్ని సంపాదిస్తున్నాడు. ఆ లోహం మరల తన పూర్వస్థితికి పోవడమే తుప్పు పట్టడం. ఇందుకు గాలి, నీరు రెండూ కావలె. ఏ ఒక్కటి లేకపోయినా పని సాగదు. ఉప్పు తోడైతే మాత్రం త్వరపడుతుంది. పచ్చిమామిడికాయలు తరిగిన కత్తిపీటను తుడవకుండా ఉంచితే తెల్లవారేసరికి మచ్చలు పడటం గృహిణులందరూ ఎరిగినదే. పులుపు గాని ఉప్పు గాని కలిసిన తడిలో ఇనుముకు రక్షణ తక్కువ.

నిజానికి తుప్పు పట్టడం ఒక విద్యుత్ వ్యాపారం. రేకులో ఒక చోట లోహం కరగి విద్యుత్కణాలను విడుస్తుంది. మరియొక చోట నీరు, ప్రాణవాయువు కలిసి వాటిని అందుకొంటవి. మధ్యనున్న తడి ఈ వ్యాపారానికి దారి. ఉప్పునీరు విద్యుత్తుకు మంచి దారి గనుకనే సముద్రతీరాన బండ్లు త్వరగా పాడవుతవి. ఇందులో మరొక విచిత్రం కలదు. ప్రాణవాయువు ధారాళంగా తగిలే చోటు కంటె, దానికి కొరత కలిగిన ఇరుకు చోటనే లోహం ఎక్కువగా కరుగుతుంది. రెండు రేకులు ఒకదానినొకటి ఆనుకొన్న సందు, మట్టి పేరుకొన్న మూల, చిట్లిన రంగు పొర అడుగు, ఇవి తుప్పుకు ఇష్టమైన నివాసాలు. పైగా తుప్పు తాను తినిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేతనే సందులలో పుట్టిన తుప్పు రేకులను విడదీసి ఉబ్బిస్తుంది.

ఢిల్లీలోని మెహ్రౌలీ ఇనుప స్తంభం పదహారు వందల ఏండ్లుగా ఎండవానలకు నిలిచి ఉన్నది గదా, కారు రేకు పదేండ్లకే ఏల చిల్లులు పడవలె అని కొందరు అడుగుతారు. ఆ స్తంభపు ఇనుములో భాస్వరం పాలు హెచ్చు. దాని మూలాన లోహంపై ఒక పలుచని పొర ఏర్పడి కవచంగా నిలిచినది. పైగా అది ఆరు టన్నులకు మించిన ముద్ద. కారు రేకు మందం ఒక మిల్లీమీటరుకు కాస్త ఇటు అటు. దానికి రంగే కవచం. ఆ కవచం చిట్లిననాడు దిక్కులేదు.

ఇక బండి సంగతికి వద్దాము. మన దేశంలో పాత కారు అనగానే చాలమందికి అంబాసిడరు మనస్సుకు వస్తుంది. ఇంగ్లండులో 1956లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండికి ఇది ప్రతిరూపం. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివరినుండి 2014 వరకు దీనిని తయారుచేశారు. దీని నిర్మాణంలో ఒక విశేషం ఉన్నది. లారీకి, పాతకాలపు జీపుకు అడుగున ఉక్కు చట్రం వేరుగా ఉంటుంది. పైపెట్టె దానిపై కూర్చుంటుంది. అంబాసిడరుకు అటువంటి వేరు చట్రం లేదు. రేకులను మడిచి, ఒకదానితో నొకటి అతికి, బోలు దూలాలవలె చేసి, ఆ పెట్టెనే చట్రంగా నిలిపినారు. తలుపుల క్రింద ముందునుండి వెనుకకు సాగే గడపలు, అడుగు రేకు, వాటిని కలిపే అడ్డ దూలాలు బండి బరువును మోస్తున్నవి. కనుక బానెట్‌కు, తలుపు పైరేకుకు, డిక్కీ మూతకు పట్టిన తుప్పు వేరు. గడపకు పట్టిన తుప్పు వేరు. మొదటిది అందానికి లోపం. రెండవది ప్రాణానికి ముప్పు.

ఇది మేము పుస్తకంలో చదివి చెప్పుతున్న మాట కాదు. మా తండ్రిగారు 1980 ప్రాంతంలో కొన్న అంబాసిడరు ఇప్పటికీ మా ఇంట ఉన్నది. విశాఖ సముద్రపుగాలిలో పెరిగిన బండి. కొన్నేండ్ల క్రిందట గడపల మీద పొక్కులు లేస్తే ఒక కార్ఖానాలో ఇచ్చాము. నాలుగు రోజులలో తళతళలాడే రంగుతో బండి ఇంటికి వచ్చింది. మేమూ సంతోషించాము. రెండు వర్షాకాలాలు గడచిన పిమ్మట, చక్రం మార్చడానికి జాకీ పెట్టి లేపబోతే, జాకీ తల గడపను చీల్చుకొని లోనికి దిగిపోయినది. బండి ఒక్కసారిగా ప్రక్కకు ఒరిగినది. చక్రం విప్పడానికి వచ్చిన కుర్రవాడు అప్పటికింకా చేయి లోపల పెట్టలేదు గనుక సరిపోయినది. తరువాత వచ్చిన వృద్ధ మేస్త్రి ఆ భాగాన్ని వ్రేళ్ళతో విరిచి మా చేతిలో పెట్టి, ‘బాబుగారూ, ఇది రేకు కాదు, లప్పం’ అన్నాడు. లప్పానికి ఆధారంగా లోపల ఉండచుట్టి కూరిన వార్తాపత్రిక కూడ దొరికినది. ఆ మేస్త్రి దగ్గర నెల రోజులు కూర్చుండి మేము నేర్చుకొన్నదే ఇక్కడ విన్నవిస్తున్నాము.

మొదటి పని పరీక్ష. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద మెల్లగా జరపవలె. మంచి రేకు ఉన్న చోట అది గట్టిగా పట్టుకొంటుంది. లప్పం మందంగా ఉన్న చోట పట్టు సడలుతుంది, లేదా జారిపోతుంది. పాత బండిని కొనబోయేవారు ఈ పరీక్షను మరువరాదు. తరువాత అడుగునకు పోయి, స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడవలె. గట్టి రేకు ఖంగుమంటుంది. కుళ్ళిన రేకు బొద్దుగా పలుకుతుంది. అనుమానం కలిగిన చోట మొనతో పొడిచి చూడవలె. ఇప్పుడు చిల్లు పడితే నష్టమేమీ లేదు. అది లోగడ పడిన చిల్లే. లోపల రబ్బరు పరుపులు తీసి అడుగు రేకును, డిక్కీ అడుగును, అద్దాల చుట్టూ రబ్బరు పట్టీల క్రిందను కూడ చూడవలె.

రెండవ పని సన్నాహం. బ్యాటరీ తీగలు విప్పవలె. పెట్రోలు ట్యాంకును బండినుండి పూర్తిగా తీసి దూరంగా ఉంచవలె. ఖాళీ ట్యాంకు అని నమ్మరాదు; నిండు ట్యాంకు కంటె ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. సీట్లు, పరుపులు, వాటి క్రింది దూదిపొరలు, దగ్గరనున్న తీగలు తొలగించవలె. ఇసుక బకెట్లు, నిప్పునార్పే సాధనం చేతికందేటట్లు ఉండవలె. గడపను కోయవలసి వస్తే అంతకు ముందే తలుపు సందులో ఇనుప గొట్టాలను అడ్డంగా ఆనించి తాత్కాలికంగా అతకవలె. లేకపోతే ఆధారం పోయిన బండి నడుము వంగి, తరువాత తలుపులు మూతపడవు. రెండు వైపులా ఒకేసారి కోయరాదు. ఒక వైపు ముగిసిన తరువాతనే రెండవది.

మూడవది కోత. పని అంతటికీ ఇదే ప్రాణం. తీగ బురుసుతో, ఉప్పుకాగితంతో రంగును, తుప్పును గీకివేసి, వెండివలె మెరిసే గట్టి లోహం నాలుగు వైపుల కనిపించే వరకు కోసివేయవలె. ఇక్కడ చేయి వెనుదీస్తుంది. అరచేతి వెడల్పు పొక్కు కోసం మూరెడు రేకు పోతుందే అని యజమానికి దిగులు కలుగుతుంది. కాని తుప్పు అంచు మీదనే కొత్త రేకు అతికితే, ముందు చెప్పిన ఇరుకు సందును మనమే చేతులార నిర్మించినట్లు అవుతుంది. అందులో తడి చేరి కొత్త రేకును కూడ తింటుంది. అయితే గట్టిగా ఉన్న రేకును వృథాగా తీసివేయనూ రాదు. పైపైన మచ్చలు పడినంత మాత్రాన కోయనక్కరలేదు. అటువంటి చోట భాస్వరామ్లం కలిసిన ద్రావకం పూస్తే, తుప్పు ఇనుప భాస్వరితంగా మారి నిలకడ చెందుతుంది. ఇది పైమచ్చలకు మందు, చిల్లులకు కాదు.

నాలుగవది అతుకు. పాత క్యాలెండరు అట్టను కోసిన చోట ఆనించి ఆకారం గీసి, దాని ప్రకారం రేకును కత్తిరించవలె. రేకు మందం పాతదానితో సమంగా ఉండవలె. పైరేకులకు సుమారు 20 గేజీ, అనగా దాదాపు 0.9 మిల్లీమీటరు, గడపలకు 18 గేజీ, అనగా దాదాపు 1.2 మిల్లీమీటరు తగుతుంది. గేజీ సంఖ్య పెరిగిన కొద్దీ రేకు పలుచన అవుతుందని గుర్తుంచుకోవలె. అతుకు మూలలను గుండ్రంగా చేయడం మంచిది. తరువాత దానిని సుత్తితో, ఇనుప దిమ్మెతో వంపులు తీర్చి, అంచుకు అంచు ఆనునట్లు కూర్చవలె.

వెల్డింగులో శత్రువు వేడి. పలుచని రేకును ఒక కొసనుండి మరొక కొసకు ఏకధాటిగా అతికితే అప్పడంవలె వంకరలు తిరుగుతుంది. కనుక అంగుళానికి ఒక చుక్క చొప్పున, ఒకటి ఇక్కడ, ఒకటి ఎదుటి వైపున వేస్తూ, మధ్య మధ్య చల్లారనిస్తూ, క్రమంగా ఖాళీలను పూడ్చవలె. గ్యాసు వెల్డింగుతో ఈ పని నేర్పుగా చేసే మేస్త్రీలు ఉన్నారు. అయితే మిగ్ యంత్రంలో వేడి విస్తరించడం తక్కువ గనుక పలుచని రేకుకు అది అనుకూలం. జస్తా పూసిన రేకును వెల్డింగు చేస్తే వచ్చే పొగ జ్వరం కలిగిస్తుంది. పూతను ముందు గీకివేసి, గాలి ఆడే చోట పని చేయవలె.

లప్పం చెడ్డ వస్తువని మేము అనము. అతుకు మీది చిన్న ఎత్తుపల్లాలను సరిచేయుటకు దానికి తగిన స్థానం ఉన్నది. అది రెండు మూడు మిల్లీమీటర్లకు మించరాదు. శుభ్రమైన, పొడి లోహం మీదనో, ఎపాక్సీ ప్రైమరు మీదనో మాత్రమే వేయవలె. ఉప్పుకాగితంతో రుద్దిన లప్పం తేమను పీల్చుతుంది. కనుక దానిని ఆరుబయట విడువక, వెంటనే ప్రైమరుతో, ఆపై రంగుతో మూసివేయవలె.

చాలమంది ఇంతటితో పని అయినదనుకొంటారు. తుప్పు లోపలినుండి వచ్చినదని మొదట చెప్పుకొన్నాము గదా! వెల్డింగు వేడికి అతుకు లోపలి వైపు రంగు మాడిపోయి ఇనుము నగ్నంగా ఉంటుంది. గడపల లోపలికి సన్నని గొట్టంతో మైనం వంటి ద్రావకాన్ని చిమ్మి, సందులన్నిటిలో పాకనివ్వవలె. తలుపుల అడుగున, గడపల అడుగున నీరు పోవుటకు చేసిన రంధ్రాలు మట్టితో గాని కొత్త రంగుతో గాని మూసుకుపోకుండ పుల్లతో తెరవవలె. తుప్పును తీయకుండ అడుగున తారు వంటి నల్లపూత పూయించడం మేలు కాదు. ఆ పూత పగిలిన చోట నీరు చేరి, బయటికి పోలేక అక్కడనే నిలుస్తుంది.

పాత బండి కోసం ఇంత శ్రమ ఏలనని అడుగవచ్చు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, ఏబదియేండ్లు దాటి, పెట్టె, చట్రం, యంత్రం మార్పులు లేకుండ అసలు రూపంలో నిలిచిన బండ్లను ప్రాచీన వాహనాలుగా నమోదు చేసుకొనే వీలు కలిగినది. కనుక పాత ఆకారాన్ని పాటించి చేసిన మరమ్మతుకు విలువ కలదు. అంతకంటె ముఖ్యమైనది, ఆ బండిలో మన పిల్లలు కూర్చుంటారు.

అందుచేత మేము గృహస్థులకు మనవి చేసేది ఇది. తీరప్రాంతంవారు బండి అడుగును కూడ మంచినీటితో కడిగి ఆరనివ్వండి. ప్లాస్టిక్ కప్పు వేసి తేమను బంధించక, గాలి ఆడే గుడ్డ కప్పు వేయండి. మేస్త్రికి పని అప్పగించినప్పుడు రంగు వేసిన తరువాత కాక, రేకు కోసిన నాడు ఒకసారి, అతుకు వేసిన నాడు ఒకసారి పోయి చూడండి. చేతగాని పనివాడు ఆ రెండు రోజులలో మిమ్ములను రానీయడు. మంచి మేస్త్రి తానే పిలిచి చూపిస్తాడు. మా బండి గడపలు మరల కట్టిన మేస్త్రి చివరకు జాకీని మా చేతికే ఇచ్చి, ‘మీరే లేపి చూడండి’ అన్నాడు. లేపాము, నిలిచినది.