తీగ లేని కాపలా

అక్కలారా, బొగ్గుబావి మాట మనం వినేదే. కొత్తగూడెం, గోదావరిఖని వైపు వాళ్లకయితే అది ఇంటి మాటే. నేల లోపల సొరంగాలు తవ్వి బొగ్గు తీస్తారు. మరి తవ్వడం ఆపేశాక ఆ గని ఏమవుతుంది? చాలా చోట్ల మూసేస్తారు. కొన్ని చోట్ల మాత్రం జనం చూసి రావడానికి ఉంచుతారు.

అలాంటి గని ఒకటి బ్రిటన్‌లో, వేల్స్ అనే ప్రాంతంలో ఉంది. దాని పేరు బిగ్ పిట్. పెద్ద గొయ్యి అని అర్థం. 1980లో అక్కడ బొగ్గు తీయడం ఆపారు. 1983లో జనం చూడడానికి తెరిచారు. చూడవచ్చినవాళ్లు 90 మీటర్ల లోతుకు దిగుతారు. నాలుగు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత లోతు! వెంట ఉండి చూపించేది ఒకప్పుడు గనిలో పనిచేసినవాళ్లే.

ఒకప్పుడు బ్రిటన్ గనుల్లో ఆడవాళ్లు కూడా చీకట్లో బొగ్గు లాగేవారు. పసిపిల్లలూ పనిచేసేవారు. 1842లో చట్టం వచ్చింది. ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను గని లోపల పనికి పెట్టకూడదన్నారు. ఇలాంటి సంగతులు తెలుసుకోవడానికే పాత గనులను కాపాడుకుంటారు.

మూడు ప్రమాదాలు

పని ఆగినా ప్రమాదం ఆగదు. గనిలో ముఖ్యంగా మూడు భయాలుంటాయి.

మొదటిది గాలి. బొగ్గు నుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. వంద పాళ్ల గాలిలో ఇది 5 నుంచి 15 పాళ్లు కలిసిందంటే, ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. వేల్స్‌లోనే సెంగెనిడ్ గనిలో 1913లో జరిగిన పేలుడుకు 439 మంది కార్మికులు బలయ్యారు. అందుకే బిగ్ పిట్‌లోకి దిగేవాళ్లు అగ్గిపెట్టె, మొబైల్ ఫోను, బ్యాటరీ గడియారం పైనే వదిలి వెళ్లాలి.

రెండోది నీళ్లు. పాత సొరంగాల్లో నీళ్లు ఊరి నిలుస్తాయి. మన గోదావరిఖనిలో 2003 జూన్‌లో, పని నడుస్తున్న గనిలోకే నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు.

మూడోది పైకప్పు. రాయి మెల్లగా కుంగుతుంది, బీటలు వారుతుంది. మనిషి కంటికి అది వెంటనే కనపడదు.

పిట్ట నుంచి పరికరం దాకా

పూర్వం గనిలోకి కెనరీ అనే చిన్న పిట్టను తీసుకుపోయేవారు. విషవాయువు మనిషి కన్నా ముందు పిట్టకు తగులుతుంది. పిట్ట సోలిపోయిందంటే అందరూ బయటికి పరుగెత్తేవారు. ఈ పిట్టలను మాన్పించాలని బ్రిటన్‌లో 1986లో నిర్ణయించారు. వాటి చోటికి పరికరాలు వచ్చాయి.

కనిపెట్టి చెప్పే పరికరాన్ని సెన్సార్ అంటారు. ఒక సెన్సార్ గాలిలో వాయువును కొలుస్తుంది. ఒకటి నీటి మట్టం చూస్తుంది. మరొకటి బీట వెంట్రుకవాసి వెడల్పయినా పసిగడుతుంది.

కొలిచిన లెక్క పైకి చేరాలి కదా? తీగ వేయవచ్చు. కానీ తడికి తీగ పాడవుతుంది. రాయి పడితే తెగుతుంది. అందుకని తీగ లేని సెన్సార్లు వచ్చాయి. ఇవి రేడియో మాదిరి గాలిలో కబురు పంపుతాయి. రాతిలోంచి ఆ కబురు ఎక్కువ దూరం పోలేదు. దానికీ ఒక ఉపాయం ఉంది. ఇల్లు కట్టేచోట మనం వరసగా నిలబడి ఇటుకలు అందిస్తామే, అట్లా ఒక పరికరం పక్కదానికి, అది దాని పక్కదానికి కబురు అందిస్తుంది. మధ్యలో ఒకటి చెడితే ఇంకో దారిన పోయేలా అమర్చవచ్చు. చివరికి పైన ఉన్న కంప్యూటరుకు చేరుతుంది. లెక్క హద్దు దాటితే గంట మోగుతుంది. చూడవచ్చినవాళ్లను వెంటనే పైకి తెస్తారు.

మొబైలే వద్దన్నచోట ఈ పరికరాలు ఎట్లా పెడతారు? నిప్పురవ్వ పుట్టకుండా వీటిని ప్రత్యేకంగా తయారు చేస్తారు. ఒకసారి కొలిచి, కబురు పంపి, మళ్లీ నిద్రపోయేలా కొన్నిటిని చేస్తారు. అందువల్ల బ్యాటరీ చాలాకాలం వస్తుంది.

పరికరం ఒక్కటే చాలదు

కొట్టులో తూకాన్ని రాళ్లు పెట్టి తనిఖీ చేస్తారు కదా? సెన్సార్‌నూ అప్పుడప్పుడు అలాగే సరిచూడాలి. ఇంకో మాట. సెన్సార్ నుంచి కబురు రాలేదంటే అంతా బాగుందని కాదు. అది చెడిపోయి ఉండవచ్చు. అప్పుడు జనాన్ని లోపలికి పంపకూడదు. గంట మోగించేది పరికరమే అయినా, ప్రాణం కాపాడేది ఆ గంట విని కదిలే మనిషి.

మన ఊరి బావి

ఇది దూరదేశం సంగతి అనుకోకండి. వాడకుండా వదిలేసిన బావిలోనూ చెడుగాలి చేరుతుంది. బొగ్గుపులుసు వాయువు మామూలు గాలికన్నా బరువైనది. అది అడుగున నిలుస్తుంది. పూడిక తీయడానికి దిగినవాడు స్పృహ తప్పుతాడు. కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. దీపం దించితే వెలుగుతూనే ఉంది కదా అని నమ్మి దిగకూడదు. కొన్ని విషవాయువులను దీపం చెప్పలేదు. మండే వాయువు ఉంటే దీపమే ప్రమాదం.

కాబట్టి పాడుబావిలోకి ఎవరినీ దిగనివ్వకండి. లోపల ఎవరైనా పడిపోతే మీరు దిగవద్దు, ఇంకొకరిని దిగనివ్వద్దు. వెంటనే 101కి ఫోన్ చేసి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఊళ్లో వాడకుండా వదిలేసిన బావులు ఎన్ని ఉన్నాయి?
2. వాటి చుట్టూ గోడ గానీ, పైన మూత గానీ ఉందా?
3. లేకపోతే, పంచాయతీకి అర్జీ రాయడం మీకిప్పుడు వచ్చు కదా! ఎవరెవరు సంతకం చేస్తారు?