సంగీత వాద్యాల పెట్టెలు

సంగీత వాద్యాల పెట్టెలు అనగా వీణ, వయొలిన్, తబలా, మృదంగం వంటి వాద్యాలను భద్రపరచుటకు, ఒక చోటి నుండి మరొక చోటికి తీసుకొని పోవుటకు వాడే గట్టి పెట్టెలు, మెత్త సంచులు. దెబ్బ, వేడి, తేమ, దుమ్ము అను నాలుగింటి నుండి వాద్యాన్ని కాపాడడం వీటి పని. పెట్టెలోని లోపం సాధారణంగా పైకి కనబడదు. అది బయటపడేనాటికి నష్టం పెట్టెకు గాక వాద్యానికి జరిగి ఉంటుంది. అందువలన తయారీలోను, కొనుగోలులోను తనిఖీ ముఖ్యమైనది.

వీణకు పెట్టె అవసరం

విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపాన గల గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు తయారు చేస్తారు. ఒకే మానును తొలిచి చేసిన వీణను ఏకాండి వీణ అంటారు. దీని కుండకు గాని, దండికి గాని పగులు వస్తే అతికించవచ్చును గాని మునుపటి ఏకత్వం రాదు. వీణపై గల 24 మెట్లను బొగ్గుపొడి కలిపిన మైనంపై అమరుస్తారు. తేనెమైనం సుమారు 62-64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. వేసవిలో ఎండన నిలిపిన కారులో ఉంచితే మెట్లు కదలి శ్రుతి స్థానాలు తప్పుతాయి. అప్పుడు నిపుణుని చేత మెట్లు తిరిగి అమర్పించవలసి వస్తుంది.

చేతితో చేసిన రెండు వీణల కొలతలు ఒక్కటిగా ఉండవు. వాద్యాన్ని కొలిచి చేసిన పెట్టెలో కుండ, దండి రెండూ ఆనుకొని ఉంటాయి. బిరడాలకు గోడ తగలదు. ఒకే కొలతతో పెద్ద సంఖ్యలో చేసే పెట్టెలో ఈ అమరిక కుదరకపోవచ్చును. పెట్టెలో వాద్యం కదులుతూ ఉంటే పెట్టె ఎంత గట్టిదైనా ప్రయోజనం ఉండదు.

నాణ్యత తగ్గుటకు కారణాలు

మొదటి నమూనా బాగుండి, తరువాత వచ్చే సరుకులో ముడిపదార్థం కొద్దికొద్దిగా తగ్గిపోవడాన్ని 'క్వాలిటీ ఫేడ్' అంటారు. అమెరికన్ రచయిత పాల్ మిడ్లర్ 2009లో వెలువడిన 'పూర్లీ మేడ్ ఇన్ చైనా' గ్రంథంలో దీనిని వివరించాడు. ధర పెంచకుండా లాభం నిలుపుకొనుటకు కంటికి కనబడని చోటనే తగ్గింపు మొదలవుతుంది. వాద్యాల పెట్టెలలో ఇది ఈ విధంగా ఉండవచ్చును:

* ప్లైవుడ్ మందం తగ్గించడం, లేదా సరిగా ఆరని చెక్క వాడడం. అటువంటి చెక్క వంగి మూత సరిగా పడదు.
* రివెట్లకు, మరలకు బదులు పిన్నులు కొట్టడం. పిడి మొత్తం బరువును మోయవలసి ఉండగా పిన్నులు ఊడి వస్తాయి.
* నాసి నురుగు వాడడం. పాలియురెథేన్ నురుగు వేడి తేమలకు కాలక్రమాన పొడిపొడిగా రాలుతుంది.
* పైపూత రెక్సిన్ మాత్రం మెరుపుగా ఉంచడం.

టోకు మార్కెట్టులో తనిఖీ

హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ మూసీ నదికి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్, బేగంబజార్‌ల పరిసరాలలో గల టోకు వ్యాపార ప్రాంతం. ఇటువంటి మార్కెట్టులో సరుకు డజన్ల లెక్కన, మూటల లెక్కన చేతులు మారుతుంది. అమ్మేవారు దానిని తయారు చేసినవారు కారు, వాడేవారూ కారు. చిల్లర వర్తకుడు మూటలో పైనున్న ఒకదానిని విప్పి చూసి మిగిలినవాటిని నమ్ముతాడు. అన్నీ ఒకే విధంగా తయారయినప్పుడే ఆ నమ్మకం చెల్లుతుంది. సరుకు నుండి నమూనాలు తీసి పరీక్షించు పద్ధతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 2500 నిర్దేశిస్తుంది. నమూనాను యాదృచ్ఛికంగా ఎంచుకోవడం అందులో కీలకం.

కొనేటప్పుడు చూడవలసినవి

వాద్యాన్ని వెంట తీసుకొని వెళ్ళి పెట్టెలో ఉంచి చూడడం ఉత్తమం. మూత మూసి మెల్లగా ఊపినప్పుడు లోపల కదలిక వినబడరాదు. మూతను గోడలను చేతితో నొక్కినప్పుడు అణగరాదు. లోపలి గుడ్డ అంచు పట్టి చూస్తే జిగురు వదలరాదు. గొళ్ళెం పలుమార్లు తెరచి మూయాలి. వాద్యం అంత బరువు ఉంచి పిడి పట్టి ఎత్తి చూడాలి. మడతబందులు మరలతో బిగించారా, పిన్నులతోనా అన్నది కూడా గమనించాలి.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చినది. లోపభూయిష్టమైన వస్తువు వలన కలిగిన నష్టానికి తయారీదారు, అమ్మకందారుల బాధ్యతను ఇది గుర్తించినది. అందువలన కొనుగోలు రసీదును, పెట్టె లోపానికి, వాద్యం దెబ్బకు సంబంధించిన ఛాయాచిత్రాలను భద్రపరచుకొనుట మంచిది.