బురదలో పుట్టే నిప్పుగాలి

1776 నవంబరు. ఇటలీలోని మజ్జోరే సరస్సులో, ఆంజెరా ఊరి దగ్గర రెల్లుపొదల పక్కన పడవ ఆపి అలెస్సాండ్రో వోల్టా కర్రతో అడుగు బురదను కెలికాడు. బుడబుడమంటూ తేలిన బుడగల్ని, నీళ్లు నింపి బోర్లించిన సీసాల్లోకి పట్టాడు. నిప్పు చూపిస్తే ఆ గాలి నీలిమంటతో వెలిగింది. ఇప్పుడు దాన్ని మీథేన్ అంటున్నాం.

దాన్ని పుట్టిస్తున్న జీవులు ఎవరో అర్థం కావడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది. 1977లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఈ సూక్ష్మజీవుల రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏను మిగతా జీవులతో పోల్చారు. అంతవరకూ వీటిని బ్యాక్టీరియాలో కలిపేసేవాళ్లు. తీరా చూస్తే బ్యాక్టీరియాకు ఇవెంత దూరమో మనకూ అంతే దూరం! తర్వాత ఆర్కియా అని పేరు పడిన ఒక పెద్ద జీవశాఖ అలా చెరువు బురద తరహా జీవుల్లోంచి బయటపడింది.

ఈ మీథేన్ జీవులకు ఆక్సిజన్ పడదు. నీట మునిగిన నేలలో ఆకు, గడ్డి, నాచు కుళ్లుతుంటే ముందుగా ఆక్సిజన్ పీల్చే జీవులు దాని మీద పడతాయి. ఆక్సిజన్ అయిపోగానే నైట్రేట్‌తో బతికేవి, ఆ తర్వాత ఇనుముతో బతికేవి, ఆ పైన సల్ఫేట్‌తో బతికేవి వంతులవారీగా వస్తాయి. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతికి కూర్చున్నట్టు అందరూ లేచాక మిగిలిన దాంతో సరిపెట్టుకునేవి మీథేన్ జీవులు. మిగిలేది ముఖ్యంగా ఎసిటేట్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. అదే వాటి తిండి, మీథేన్ వాటి విసర్జన.

సముద్రపు నీటిలో సల్ఫేట్ దండిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆఖరి బంతి దాకా పెద్దగా ఏమీ మిగలదు. కోరింగ మడ అడవుల్లాంటి ఉప్పునీటి బురదకూ, కొల్లేరు లాంటి మంచినీటి బురదకూ ముఖ్యమైన తేడా ఇదే.

బురదలో పుట్టినదంతా ఆకాశానికి చేరదు. ఇది చాలామందికి తెలియని సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేదీ ఇదే. బురద పైపొరలో, కాస్త ఆక్సిజన్ అందే చోట, మీథేన్‌ను తినే బ్యాక్టీరియా కాపు కాస్తుంటాయి. చాలా నీటి నేలల్లో కింద తయారైన దాంట్లో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోతుంది. ఆక్సిజన్ లేకుండా నైట్రైట్ సాయంతో మీథేన్‌ను తినే జీవులు కూడా ఉన్నాయని నెదర్లాండ్స్‌లోని ఒక కాలువ బురదను పరిశీలించి 2006లో చెప్పారు. అయితే ఈ కాపలాను తప్పించుకునే దారులు రెండున్నాయి. ఒకటి బుడగ. లోతు తక్కువ నీళ్లలో అది కరిగేలోపే పైకి వచ్చేస్తుంది. రెండోది వరి, రెల్లు, తామర లాంటి మొక్కల కాడల్లోని గాలి గొట్టాలు. వేర్లకు ఆక్సిజన్ దిగే ఆ దారినే మీథేన్ ఎక్కుతుంది. వరిపొలం నుంచి వెలువడే మీథేన్‌లో అత్యధిక భాగం మొక్కలోంచే పోతుంది.

నూరేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 28 రెట్లు వేడి పట్టిస్తుంది. ప్రపంచ మీథేన్‌లో దాదాపు సగం నీటి వనరుల నుంచి, నీటి నేలల నుంచి వస్తోందని 2021లో ఒక అంచనా వెలువడింది. వరిపొలాలు, చేపల చెరువులు అందులో భాగమే. 2007 నుంచి గాలిలో మీథేన్ మళ్లీ పెరుగుతూ వస్తోంది. అందులోని కార్బన్ రకాలను చూస్తే ఆ పెరుగుదలలో సూక్ష్మజీవుల వాటా పెద్దదని తెలుస్తోంది. వేడి పెరిగేకొద్దీ ఈ జీవుల పని జోరందుకుంటుంది, కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

అంతమాత్రాన కొల్లేరును నేరస్థురాలిగా నిలబెట్టడం అన్యాయం. బుడమేరు, తమ్మిలేరు వరదను కడుపులో పెట్టుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపే సరస్సు అది, 2002 నుంచి అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు ఉన్నది. చిత్తడి నేలను ఎండగడితే అందులో ఏళ్ల తరబడి దాగిన కార్బన్ గాలిలో కలుస్తుంది. మనం ప్రశ్నించుకోవాల్సింది ఆ నీళ్లలోకి ఏం వదులుతున్నామన్నది. ఊళ్ల మురుగు, చెరువుల్లో మిగిలిన మేత, ఎరువుల నైట్రోజన్, ఫాస్ఫరస్ కలిస్తే గుర్రపుడెక్క, నాచు ఏపుగా పెరిగి చచ్చి అడుక్కి చేరతాయి. పైనున్న ఆక్సిజన్ తగ్గి కాపలా బలహీనపడుతుంది, కింద ఆఖరి బంతికి విందు దొరుకుతుంది.

వరిపొలంలో మాత్రం తాళంచెవి మన చేతిలోనే ఉంది. రంధ్రాలున్న గొట్టాన్ని పొలంలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి పెట్టే ఆరుతడి పద్ధతిని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసింది. పూత దశలో నీళ్లు నిలపాలి. ఆరబెట్టినప్పుడల్లా నేలలోకి ఆక్సిజన్ దిగుతుంది, మీథేన్ జీవుల పని ఆగుతుంది. చక్కగా చేస్తే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరగొచ్చు కాబట్టి యూరియా వేసే తీరునూ సరిచూసుకోవాలి. నాట్లకు ముందు పచ్చిగడ్డిని నీళ్లలోనే దమ్ము చేసి కలిపేస్తే మీథేన్ పెరుగుతుంది, ముందే కుళ్లబెట్టి ఎరువు చేసి వేస్తే తగ్గుతుంది.

డెల్టా రైతును ఊరికే తప్పుబట్టడానికి వీల్లేదు. కాలువ వంతు ఎప్పుడొస్తుందో తెలియని మనిషి, వచ్చిన నీటిని చేలో నిలబెట్టుకోక ఏం చేస్తాడు? పైచేను నీళ్లు కిందిచేనుకు పారే చోట ఒక్కడే ఆరబెట్టుకోవడం కుదరదు. బోరు రైతు మోటారు ఆపితే చాలు, కాలువ రైతుకు మాత్రం వంతుల పట్టిక ముందే చేతికి రావాలి, మురుగు కాలువలు పూడిక లేకుండా ఉండాలి. ఈ రెండూ జరిగే వరకు ఆరుతడి గురించి అతనికి ఉపన్యాసాలివ్వడం ఆపి, నీటిపారుదల శాఖను అడగడం మొదలుపెట్టాలి.