కొట్టుకునే గుండెకు ఫొటో ఎలా తీస్తారు?

బోరబండ స్టేషన్‌లో నిలబడి, హైటెక్ సిటీ వైపు కదిలిపోతున్న ఎంఎంటీఎస్ రైలును సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి చూడండి. చాలాసార్లు బొమ్మ చెదిరిపోతుంది. మరి నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండె మీద, 2 నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పుండే రక్తనాళాలు సీటీ స్కాన్‌కు ఎలా చిక్కుతాయి?

ముందు ఛాతీకి ఈసీజీ తీగలు అంటిస్తారు. రెండు స్పందనల మధ్య గుండె కాస్త కుదురుగా ఉండే క్షణం ఒకటుంది. ఆ క్షణంలో తీసిన చిత్రాలనే కంప్యూటర్ వాడుకుంటుంది. నాడి వేగంగా ఉంటే మందిచ్చి 60 దరిదాపులకు దించుతారు. తర్వాత చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కిస్తారు. ఒళ్లంతా ఒక్కసారిగా వేడెక్కినట్టుంటుంది, కంగారు పడక్కర్లేదు! "ఊపిరి బిగపట్టండి" అంటారు. కొన్ని సెకన్లలో పనైపోతుంది. అయోడిన్ ఎక్స్‌-రేలను అడ్డుకుంటుంది కాబట్టి రక్తం పారే దారి తెల్లగా కనిపిస్తుంది. నాళం ఎక్కడ సన్నబడిందో తెలుస్తుంది.

అయోడిన్ లేకుండా తీసేది కాల్షియం స్కోర్. నాళాల గోడల్లో కొవ్వు పేరుకున్నచోట కాలక్రమంలో కాల్షియం చేరుతుంది. దాన్ని లెక్కగట్టే పద్ధతిని 1990లో అగాట్‌స్టన్ అనే డాక్టర్ బృందం ప్రకటించింది. సున్నా వస్తే సంతోషమే, కానీ మెత్తటి కొవ్వు దీనికి దొరకదు. 400 దాటితే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు.

చెకప్ ప్యాకేజీలో ఉంది కదా అని అందరూ చేయించుకునే పరీక్ష కాదు ఈ గుండె సీటీ స్కాన్. రేడియేషన్ తగులుతుంది, డాక్టర్ చెబితేనే వెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా ఛాతీ నొప్పితో చెమటలు పడితే మాత్రం స్కాన్ సెంటర్లు వెతక్కండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.