ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ లతీఫ్

సైన్యంలో జనరల్ అనే హోదా శ్రోతలకు పరిచితమే. వైమానిక దళంలో ఆ మాట లేదు. అక్కడ దానికి సాటియైన హోదా ఎయిర్ చీఫ్ మార్షల్. ఆ హోదాతో 1978 సెప్టెంబరు 1 నుండి 1981 ఆగస్టు 31 వరకు భారత వైమానిక దళానికి అధిపతిగా ఉన్న ఇద్రీస్ హసన్ లతీఫ్ మన హైదరాబాదు వారు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి ముస్లిం ఆయనే. ఆయన చూచిన యుద్ధాలన్నింటికంటె 1947లో చేసుకొన్న ఒక నిర్ణయమే ఘనమైనదని మా అభిప్రాయం.

లతీఫ్ 1923 జూన్ 9న హైదరాబాదులో జన్మించారు. నిజాం కళాశాలలో చదివారు. పందొమ్మిదేళ్లు నిండకుండానే, 1942 జనవరిలో, వైమానిక దళంలో అధికారిగా చేరారు. మొదటి నియామకం కరాచీలో. అరేబియా సముద్రం మీద ఎగురుతూ శత్రువుల జలాంతర్గాములను వెదకడం అక్కడి పని. వాపిటీ, ఆడాక్స్, హార్ట్ అనే ఆనాటి విమానాలకు రెక్కలు రెండంతస్తులుగా ఉండేవి. నడిపేవాని తలపై కప్పు ఉండేది కాదు. ఎండయినా గాలియైనా ముఖాన కొట్టవలసిందే. 1943–44లలో ఇంగ్లండులో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలపై తర్ఫీదు పొంది, తిరిగి వచ్చి బర్మా పోరాటంలో పాల్గొన్నారు.

ఇంతలో దేశవిభజన వచ్చింది. విమానాలను, యంత్రభాగాలను లెక్కవేసి పంచవచ్చును. దళంలో సుమారు మూడింట రెండు వంతులు మనకు, తక్కినది పాకిస్తానుకు అన్నారు. కాని ఒకే పళ్లెంలో తిన్న మనుష్యులను పంచడమెట్లు? ముస్లిం అధికారులు తాము ఏ వైపు ఉండేదీ తామే తేల్చుకోవలసి వచ్చింది. లతీఫ్ వయస్సు అప్పటికి 24 ఏళ్లు. ఆయన మిత్రులు అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాను దళానికి వెళ్తూ, తమతో రమ్మని ఆయనను కోరారు. మతం వేరు, దేశం వేరు అన్నది లతీఫ్ వైఖరి. ఆయన వెళ్లలేదు.

ఈ మాట ఇప్పుడు చెప్పుకొన్నంత సులభం కాదు అప్పుడు. కొత్త దళంలో అనుభవజ్ఞులు కొద్దిమంది. పైకి రావడానికి అవకాశాలు మెండు. అస్ఘర్ ఖాన్ 36 ఏళ్లకే, 1957లో, పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయ్యారు. 1965లో నూర్ ఖాన్ ఆ స్థానానికి వచ్చారు. లతీఫ్ మన దళానికి అధిపతి అయ్యేనాటికి ఆయనకు 55 ఏళ్లు. మరొక చిక్కు కూడ ఉన్నది. 1947 ఆగస్టు నాటికి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరలేదు. చేరినది 1948 సెప్టెంబరులో. తన ఊరు ఇంకా ఏ దేశానిదో తేలకముందే ఆయన తన దేశాన్ని తేల్చుకొన్నారన్నమాట.

1950లో గణతంత్ర దినాన ఢిల్లీ ఆకాశంలో సాగిన విమానాల కవాతులో ఆయన నాయకుడు. 1971 యుద్ధకాలంలో కేంద్ర కార్యాలయంలో ప్రణాళికల బాధ్యత వహించారు. ఏళ్ల తరబడి నానుతూ వచ్చిన జాగ్వార్ వ్యవహారం ఆయన హయాంలో తేలి, 1979లో ఆ విమానాలు బ్రిటన్ నుండి వచ్చాయి. 1981లో మిగ్-25 విమానాలు చేరాయి. వాపిటీ నాటి మనిషి ధ్వనికి రెండు రెట్లకు పైగా వేగమున్న విమానాలను దళంలో చేర్చుకొన్నారు!

విరమణ తర్వాత 1982 నుండి 1985 వరకు మహారాష్ట్ర గవర్నరుగా, పిమ్మట ఫ్రాన్సులో మన రాయబారిగా పనిచేశారు. చిత్రమేమంటే, ఆయన సతీమణి బిల్కీస్ తండ్రి అలీ యావర్ జంగ్ కూడ అంతకు పూర్వం ఈ రెండు పదవులనూ నిర్వహించినవారే.

చివరకు ఆయన హైదరాబాదుకే వచ్చి స్థిరపడ్డారు. నూర్ ఖాన్ 2011లో కాలం చేశారు. 2018 జనవరి 5న రావల్పిండిలో అస్ఘర్ ఖాన్ మరణించారు. నాలుగు నెలలైనా గడవకముందే, ఏప్రిల్ 30న, తాను పుట్టిన హైదరాబాదులోనే లతీఫ్ కన్నుమూశారు.